గంతులలోని తారతమ్యము
(ఆంగ్లభాషలోని చలనక్రియలను గూర్చి రజతోత్సవ సభలో చేసిన ప్రసంగము)



ఇరువదియైదు సంవత్సరములు నడచిన గ్రంథాలయమున ఏ పుస్తకము మిక్కిలి నలిగినదో చూడగోరువారు నవలల బీరువా వైపునకు పోనక్కఱలేదు. నిఘంటువులున్న మూలకు పోయిన చాలును. నవలను పాఠకుడొకమారు చదివి తిరిగి యిచ్చివేయును. నిఘంటువును ఇంటికి తీసికొనిపోవుట కెవ్వరు నంగీకరింపరు. అది బల్లమీదనే యుండి, వచ్చినవారి కెల్లరకు సమాధానము చెప్పుచు, అట్ట యూడి, అంచులు నల్లబడి, ఊరివారి చేతులలో ముసలిదగును. ఊరికి దానివలన కలిగిన మేలు లెక్కకు మీఱినది. అయినను దానిని చదువు విధము తెలియకున్న కొంత కీడును కలుగును. ఆ కీడెట్టిదో, దానికి విరుగుడేదో చెప్పుటయే ఈ ప్రసంగమునకు ప్రయోజనము.

పదవ తరగతి చదువు విద్యార్థి యొకడు ఆంగ్లపాఠమున ‘లీప్’ అను మాట తగిలి నిఘంటువు తెఱచె ననుకొందురు గాక. ‘దుముకుట, గంతువేయుట’ అని యుండును. మఱునాడు ‘స్ప్రింగ్’ అను మాట తగులును. ‘దుముకుట, ఎగురుట’ అని యుండును. ఆపైని ‘హాప్’, ‘బౌండ్’, ‘వాల్ట్’, ‘కేపర్’, ‘గాంబల్’ వచ్చును. వారము తిరుగునప్పటికి వాని నోటుపుస్తకమున ఎడమవైపున ఏడు ఆంగ్లపదములును, కుడివైపున గంతువేయుట యను ఒక్క తెలుగుమాటయు నిలుచును. అది చూచి వాడు రెండు నిశ్చయములకు వచ్చును. ఆ యేడు మాటలును ఒక్కటియే గనుక దేని నెచ్చట వాడినను దోషము లేదనునది మొదటిది. ఆంగ్లమున ఏడుండగా తెలుగున ఒక్కటియే యున్నది గనుక తెలుగు బీదభాష యనునది రెండవది. రెండును పొరపాటులే. మొదటి పొరపాటువలన పరీక్షలో కొన్ని మార్కులు పోవును. రెండవదానివలన పోవునది మార్కులతో తూగునది కాదు.

మొదట ‘పర్యాయపదము’ అను మాటనే విచారింపవలసియున్నది. పర్యాయమనగా వరుస, వంతు. కాలువనీరు ఒకరి పొలమునకు పాఱిన పిమ్మట మఱియొకరి పొలమునకు వంతు వచ్చినట్లు, ఒక మాట నిలువవలసినచోట మఱియొకటి వంతు తీసికొని నిలుచును. వంతు గలవారందఱు ఒక్క మనుష్యుడు కారు. వారి పొలములు వేఱు, మెరక పల్లములు వేఱు. ఆంగ్లమున దీనినే ‘సినొనిమ్’ అందురు. అది గ్రీకుభాషనుండి వచ్చినది. కూడియున్న పేరు అని దాని భావము. కూడియుండుట వేఱు, ఒక్కటియగుట వేఱు. ఈ భేదమును ఆ పేరులే చెప్పుచున్నవి.

ఆంగ్లపదములను భావముల ననుసరించి గుంపులుగా కూర్చిన మహానుభావుడు పీటర్ మార్క్ రోజె. ఆయన 1779లో జన్మించి 1869లో దివంగతుడయ్యెను. వృత్తిచే వైద్యుడు; లండనులోని రాయల్ సొసైటీకి చాలకాలము కార్యదర్శిగా నుండెను. కదలుచున్న బండిచక్రపు ఆకులు నిలువు సందులగుండ చూచినప్పుడు వంగినట్లేల కనబడునో వివరించుచు 1824లో ఒక వ్యాసము సమర్పించెను. చలనమును కంటితో పరిశీలించిన యాయనయే చలనమును తెలుపు మాటలనుగూడ ఏఱి కూర్చుట గమనింపదగినది. 1805లోనే తన సొంత వాడుకకై యొక పదపట్టికను వ్రాసికొని, విశ్రాంతి దొరకిన పిమ్మట దానిని పెంచి, 73 సంవత్సరముల వయస్సున, 1852లో ‘థెసారస్’ అను పేర ప్రకటించెను. ఆ పేరునకు నిధి యని యర్థము.

ఈ నిధికి తెలుగువారి చదువుతో ఒక సంబంధము గలదు. భావముల క్రమమున పదములను కూర్చిన పూర్వగ్రంథములను పేర్కొనుచు, రోజె తన పీఠికలో అన్నిటికంటె ప్రాచీనమైనదిగా చెప్పినది అమరసింహుని అమరకోశము. దానికి కోల్‌బ్రూక్ చేసిన ఆంగ్లానువాదము 1808లో శ్రీరామపురమున ముద్రితమైనది. అమరకోశపు కూర్పు ఆయనకు అంతగా నచ్చలేదు. ఆ మాటయు దాచక చెప్పెను. అయినను వీధిబడులలో పిల్లలు వల్లెవేసిన గ్రంథమునకు లండనులోని వైద్యుని పీఠికలో మొదటి పీట దక్కినది. మఱియొక విశేషము. ఆ 1852వ సంవత్సరముననే చెన్నపట్టణమున సి. పి. బ్రౌను దొరగారి తెలుగు–ఆంగ్ల నిఘంటువు వెలువడినది. అచ్చట ఆంగ్లపదములకును, ఇచ్చట తెలుగుపదములకును ఒక్క సంవత్సరముననే ఇండ్లు కట్టబడినవి.

రోజె తన గ్రంథమున గంతువేయుటకు సంబంధించిన మాటల నన్నిటిని ఒక శీర్షికక్రింద చేర్చి, దాని ప్రక్కన మునుగుటకు సంబంధించిన వానిని మఱియొక శీర్షికక్రింద నుంచెను. పైకి పోవునది ఒకటి, లోనికి పోవునది ఒకటి. కాని ఒక్కొక్క మాటకు గల సూక్ష్మభేదములను చెప్పుట తన పని కాదనియు, అది వేఱొక శాస్త్రమనియు ఆయన స్పష్టముగా చెప్పియున్నాడు. కావున ఆ గుంపులో చేయి పెట్టి అందినదానిని తీసికొనుట ఆయన ఉద్దేశము కాదు.

ఇక ముఖ్యమైన మాటలను ఒక్కొక్కటిగా చూడవచ్చును.

‘జంప్’ అనునది నేడు అన్నిటికంటె సామాన్యమైనది. పైకి, క్రిందికి, ముందునకు, అడ్డముమీదుగా, ఎటు ఎగిరినను జంప్ అనవచ్చును. కాని వయస్సున ఇది చిన్నది. ఇంచుమించు 16వ శతాబ్దపు తొలినాళ్ళనుండియే గ్రంథములలో కానవచ్చుచున్నది. దాని పుట్టుక నిశ్చయముగా తెలియదు. నేలపై దభాలున పడు చప్పుడునుండి పుట్టినదని పలువురు భావింతురు. అంతకు పూర్వము ఆ పని యంతయు చేసినది ‘లీప్’. అది ప్రాచీనాంగ్లమునుండి వచ్చిన పెద్దకోడలు. తొలుత దానికి పరుగెత్తుట యను నర్థముగూడ నుండెను. దాని తోబుట్టువైన జర్మను మాటకు నేటికిని పరుగెత్తుట యనియే యర్థము. గుఱ్ఱపు దౌడునకు వాడు ‘గాలప్’ అను మాట పూర్వము బాగుగా పరుగెత్తుట యని అర్థమిచ్చు సమాసమునుండి ఫ్రెంచి మీదుగా వచ్చినది. అందు రెండవ భాగము లీప్‌నకు దాయాదియే.

చిన్నకోడలు వచ్చిన పిమ్మట పెద్దకోడలికి ఇంటిపని తగ్గి పూజ పునస్కారములు మిగిలినట్లు, జంప్ వచ్చిన పిమ్మట లీప్‌నకు గంభీరమైన సందర్భములు మిగిలినవి. దూరము గలది, ఎత్తు గలది, సాహసము గలది లీప్. పిల్లవాడు అరుగుమీదినుండి దిగిన జంప్. లేడి వాగు దాటిన లీప్. ముందుచూపు లేక సాహసింపరాదని చెప్పు ఆంగ్ల సామెతలోను లీప్ అనియే యుండును.

ఈ లీప్ అను మాట తెలుగుపల్లెలలో చదువు వచ్చినవారికి రానివారికి గూడ తెలిసినదే. ఫిబ్రవరికి 29 దినములు వచ్చు సంవత్సరమును లీపు సంవత్సరమని యెల్లరు నందురు. ఆ లీపు ఈ లీపే. సాధారణ సంవత్సరమునకు 365 దినములు, అనగా 52 వారములమీద ఒక దినము. కావున ఒక తేదీ ఈ యేడు సోమవారమైన మఱుసటి యేడు మంగళవారమగును. ఫిబ్రవరి 29 నడుమ వచ్చినప్పుడు మాత్రము ఆ తేదీ ఒక వారమును దాటి గంతువేయును. ఆగస్టు 15వ తేదీ 2022లో సోమవారము, 2023లో మంగళవారము, 2024లో గురువారము. నడుమనున్న బుధవారమును దాటివేసినది. ఆ గంతునుబట్టియే ఆ సంవత్సరమునకు గంతు సంవత్సరమని పేరు వచ్చినది.

‘స్ప్రింగ్’ అనగా అణగియున్న బలము ఒక్కసారిగా వెలికి వచ్చుట. అందువలననే నేలనుండి ఉబికివచ్చు నీటియూటయు స్ప్రింగే. మోడువాఱిన చెట్టు చిగిర్చు వసంతమును స్ప్రింగే. గడియారములో చుట్టి యుంచిన ఉక్కుతీగయు స్ప్రింగే. పిల్లి యెలుకమీదికి దుముకునపుడు ముందు ఒడలు ముడుచుకొని, నేలకఱచుకొని, పిదప ఎగురును. ఆ ముడుపు లేనిచో అది స్ప్రింగ్ కాదు. తెలుగున దీనికి సరియైన మాట ‘కుప్పించుట’. కుప్పించి యెగిరినదనినపుడు ఒడలు కుప్పగా కూడదీసికొనుటయు, వదలుటయు రెండును వినువానికి కనబడును.

‘బౌండ్’ ఫ్రెంచిభాషనుండి వచ్చినది. దానికి మొదటి యర్థము మాఱుమ్రోగుట. ధ్వని గోడను తాకి మరలివచ్చుటనుండి, బంతి నేలను తాకి మరలి లేచుటకును, ఆపైని జంతువు వరుసగా తేలిపోవుచు గంతులు వేయుటకును అర్థము మాఱినది. కావున బౌండ్ ఒంటరి గంతు కాదు. ఒకదానివెంట నొకటి నేలను తాకి లేచు గంతుల వరుస. లేడి ‘చెంగుచెంగున’ పోయినదని తెలుగువాడనుట ఇదియే. క్రికెట్టునందలి ‘బౌండరీ’కిని దీనికిని చుట్టఱికము లేదు, అది హద్దు అను నర్థముగల వేఱొక మాటనుండి పుట్టినది.

‘హాప్’, ‘స్కిప్’ అను రెంటిని కలగలుపువారు చాలమంది గలరు. హాప్ అనగా మనుష్యునియందు ఒంటికాలిగంతు. తొక్కుడుబిళ్ల యాడు బాలిక ఒక కాలు మడిచి, రెండవ కాలితో గడి దాటుట హాప్. ఆ యాటను ఆంగ్లమున ‘హాప్‌స్కాచ్’ అందురు. అందలి స్కాచ్ స్కాట్లండు దేశము కాదు, నేలపై గీచిన గీత. పిచ్చుకవంటి పక్షి రెండు కాళ్ళు కలిపి గంతువేసినను హాప్ అనియే చెప్పుదురు. స్కిప్ అనగా ఒక అడుగు, ఒక చిన్నగంతు మార్చి మార్చి వేయుచు తేలికగా పోవుట. తాడాట ఆడుటయు స్కిప్పే. తేలికగా దాటిపోవుటనుండి, పుస్తకమున కొన్ని పుటలు విడిచిపెట్టి చదువుటకును అది పేరైనది. నేడు చేతిఫోనులో ప్రకటన వచ్చినపుడు ‘స్కిప్’ అను గుఱుతును నొక్కని పిల్లవాడు లేడు. సంస్కృత వ్యాకరణమున దీనికి చక్కని పేరున్నది. పూర్వసూత్రములోని పదము నడుమ కొన్ని సూత్రములను విడిచి ముందటి సూత్రమున చేరినచో దానిని ‘మండూకప్లుతి’ యందురు, అనగా కప్పగంతు. పాణిని సూత్రములకు వ్యాఖ్యానము చేసినవారు చూచినది చెఱువుగట్టున కప్పనే.

ఈ భేదములు పండితుల వేడుక కొఱకు మాత్రమే పుట్టినవని యెవరైన ననుకొన్నచో వారిని క్రీడారంగమునకు తీసికొనిపోవలెను. అచ్చట ఇవి శాసనములు. ట్రిపుల్ జంప్ అను పోటీలో ఆటగాడు పరుగెత్తుకొనివచ్చి వరుసగా హాప్, స్టెప్, జంప్ అను మూడింటిని చేయవలెను. లేచిన కాలిమీదనే పడిన హాప్. రెండవకాలిమీద పడిన స్టెప్. ఆ పిమ్మటిది జంప్. ఈ వరుస తప్పినవాడు ఎంత దూరము దుమికినను లెక్కకు రాదు. ఈ నియమము స్థిరపడకమునుపు, 1896లో ఏథెన్సు నగరమున జరిగిన తొలి ఆధునిక ఒలింపిక్ క్రీడలలో అమెరికా దేశస్థుడైన జేమ్స్ కానలీ రెండు హాప్‌లును, ఒక జంపును చేసి ఈ పోటీలో గెలిచెను. అతడే ఆధునిక ఒలింపిక్ క్రీడలలో మొదటి విజేత. అదే విధముగ నేడు చేసినచో అతనికి స్థానమే యుండదు.

‘వాల్ట్’ అనునదియు ఇట్టిదే. చేతులనో కఱ్ఱనో ఊతగా గొని దేనినైనను దాటుట వాల్ట్. అందుచేతనే ఊత లేక కడ్డీని దాటు పోటీని హై జంప్ అనియు, గడకఱ్ఱ ఊతతో దాటు పోటీని పోల్ వాల్ట్ అనియు వ్యవహరింతురు. ఈ మాట లాటిను భాషలో తిరుగుట, దొరలుట అను నర్థముగల ధాతువునుండి వచ్చినది. వ్యాయామక్రీడలలో బల్లపై చేతులు మోపి గాలిలో తిరిగి నిలుచుటను వాల్ట్ అందురు. 2016లో రియో ఒలింపిక్ క్రీడలలో త్రిపురకు చెందిన దీపా కర్మాకర్ ఈ విభాగముననే నాల్గవ స్థానము పొందెను. హైదరాబాదునకు చెందిన బుద్దా అరుణారెడ్డి 2018లో మెల్‌బోర్న్ నగరమున జరిగిన ప్రపంచకప్పు పోటీలో వాల్ట్ నందు కాంస్యపతకము గెలిచి, ఆ పోటీలలో వ్యక్తిగత పతకము సాధించిన మొదటి భారతీయురాలైనది. ఆమె చేసినది గంతు అని మాత్రము వ్రాసిన విలేఖకుడు అబద్ధమాడడు గాని, చేతుల పని యంతయు విడిచివేసినవాడగును.

పై మాటలయందు ప్రయోజనము ముఖ్యము. ఇక ఉల్లాసమే ముఖ్యమైన మాటలు మఱికొన్ని గలవు. వీనికి పశువులే గురువులు. ‘కేపర్’ అను మాట లాటినులో మేకకు గల పేరునుండి, ఇటలీ ఫ్రాన్సు దేశముల మీదుగా వచ్చినది. మేకపిల్ల నాలుగు కాళ్ళు ఒక్కసారిగా లేపి, ప్రక్కకు తిరిగి, కారణము లేక వేయు గంతు కేపర్. ఫ్రాన్సులో తేలికయై ఎగిరెగిరి పడుచు పోవు రెండుచక్రముల బండికి మేకగంతును బట్టి ‘కాబ్రియొలే’ అని పేరు పెట్టిరి. లండనువారు 19వ శతాబ్దపు పూర్వార్ధమున దానిని కుదించి ‘క్యాబ్’ అనిరి. నేడు హైదరాబాదున, విజయవాడలో బాడుగకారును క్యాబ్ అని పిలుచుచున్నవారు తాము మేకపిల్ల పేరు పలుకుచున్నట్లు ఎఱుగరు. గతుకులబాటలో ప్రయాణము చేసినవారికి మాత్రము ఆ పేరు తగినదనియే తోచును.

‘గాంబల్’ ఇటలీభాషలో కాలికి గల పేరునుండి వచ్చినది. గొఱ్ఱెపిల్లలు, పసిపిల్లలు కాళ్ళు చిమ్ముచు ఆడుటకు చెల్లును. ‘ఫ్రాలిక్’ డచ్చిభాషలో సంతోషమును తెలుపు మాట. దేహముకంటె మనస్సు దానియందు ముందుండును. ‘రొంప్’ అనగా పిల్లలు ఒకరిమీద నొకరు పడి, కేకలు వేయుచు, ఇల్లు కిష్కింధ చేయుట. ‘ప్రాన్స్’ గుఱ్ఱము ముందుకాళ్ళు లేపి గర్వముతో అడుగు వేయుట. కొత్త అధికారము వచ్చిన మనుష్యుని నడకకును అది చెల్లును. ‘ఫ్రిస్క్’ అనగా చురుకుగా అటునిటు ఎగురుట. కాని ఈ మాటకు నేడు వార్తాపత్రికలలో కానవచ్చు అర్థము వేఱు. విమానాశ్రయమున రక్షకభటుడు ప్రయాణికుని ఒడలు తడిమి సోదా చేయుటను ఫ్రిస్క్ అందురు. నిఘంటువున మొదటి యర్థము మాత్రము చూచిన విద్యార్థి ‘రక్షకభటులు ప్రయాణికులను గంతులు వేయించిరి’ అని యనువదించిన నవ్వుల పాలగును.

ఇంతవఱకు చెప్పినది మొదటి పొరపాటును గుఱించి. ఇక రెండవది, తెలుగు బీదభాష యనునది.

ఆవుదూడ తోక నిక్కించి ‘చెంగనాలు’ వేయును. గుఱ్ఱము ‘చౌకళించును’. పులి ‘కుప్పించును’. హనుమంతుడు సముద్రమును ‘లంఘించెను’. పిల్లవాడు గట్టుమీదినుండి బావిలోనికి ‘దుముకును’. వలలోని చేప ‘మిట్టిపడును’. పసిబిడ్డ ‘కేరింతలు’ కొట్టును. వానకు తడిసిన కుఱ్ఱవాడు ‘గంతులు’ వేయును. కోపము వచ్చినవాడు ‘చిందులు’ త్రొక్కును. తెలంగాణమున ఆ చిందు పేరుననే చిందు భాగవతమను కళ వెలసినది. తల క్రిందికి, కాళ్ళు మీదికి తిప్పిన ‘పిల్లిమొగ్గ’. పెద్దల యెదుట నేర్పు చూపబోవువానివి హనుమంతుని ముందటి ‘కుప్పిగంతులు’. ఇన్ని మాటలున్న భాష బీదది కాదు. బీదతనము నోటుపుస్తకములోని కుడివైపు వరుసది. నిఘంటుకారుడు స్థలము చాలక అందఱికి తెలిసిన ఒకటి రెండు మాటలు వ్రాసి ఊరకుండెను; మిగిలినవి ఎఱుగుదురని ఆయన నమ్మకము.

నిష్పక్షపాతముగా చెప్పవలెనన్న తెలుగునకు గల కొఱతయు చెప్పవలెను. కాకి ఎగురును, కుఱ్ఱవాడు ఎగురును. ఱెక్కలతో పోవుటకును, కాళ్ళతో లేచుటకును వాడుకలో తెలుగున ఒక్కటే మాట. ఆంగ్లమున రెండు గలవు. దీనికి బదులుగా తెలుగున ‘దూకు’ అనిన చాలమట్టుకు పైనుండి క్రిందికి పోవుట స్ఫురించును. ఆంగ్లమున జంప్ అనిన ఎటు పోయినదో తెలియదు, పైకనియో క్రిందికనియో మఱియొక మాట చేర్చవలెను. ఒక్కొక్క భాష తన చేనును తనకు తోచిన గట్లతో పంచుకొన్నది. గట్లు కలియనంతమాత్రమున ఏ చేనును తక్కువది కాదు.

పైగా, దేహచలనమునుండి మనోభావమునకు పోవు త్రోవలో రెండు జాతులవారును ఒక్క బాటనే నడచిరి. లాటినున గంతువేయుటకు గల ధాతువునుండి ఆంగ్లమునకు పెక్కు మాటలు వచ్చినవి. ‘ఇన్‌సల్ట్’ అనగా అవమానించుట. దాని మూలార్థము మీదికి దుముకుట. ‘ఎగ్జల్ట్’ అనగా ఉప్పొంగుట. మూలార్థము పైకి గంతువేయుట. ‘రిజల్ట్’ అనగా ఫలితము. మూలార్థము వెనుకకు మరలి దుముకుట. గోడకు కొట్టిన బంతివలె, చేసిన కృషి మరలి చేతికి వచ్చుటయే ఫలితము. పరీక్షాఫలితముల దినమున ఈ యర్థమును జ్ఞప్తికి తెచ్చుకొనదగును. తెలుగువాడు లాటిను చదువలేదు. అయినను గర్వించినవానిని ‘మిడిసిపడుచున్నాడ’నెను, అవమానించినవానిని ‘మీదికి ఎగిరిప’డెననెను, సంతోషించినవానిని ‘ఎగిరి గంతువేసె’ననెను. మనస్సునకు కాళ్ళున్నవని ఇరువురును కనుగొనిరి.

సంస్కృతముతో నున్న సంబంధము ఇంకను దగ్గఱిది. ‘స్కంద్’ అను ధాతువునకు దుముకుట యను నర్థము గలదు. కుమారస్వామికి స్కందుడను పేరు ఆ ధాతువునుండి వచ్చినదే. లాటినులో దాని సోదరధాతువునకు ఎక్కుట యని యర్థము. ఆంగ్లమున ఎక్కుటకు వాడు ‘అసెండ్’, దిగుటకు వాడు ‘డిసెండ్’ ఆ వంశములోనివి. అమరకోశమున గుఱ్ఱపు నడకలు ధౌరితకము, రేచితము, వల్గితము, ప్లుతము, ఆస్కందితము అని ఐదుగా చెప్పబడినవి. ఆస్కందితమున ఆ స్కంద్ ధాతువే వినబడుచున్నది. ప్లుతమునకు మూలమైన ధాతువునుండియే కోతికి ‘ప్లవంగము’ అను పేరును, అరువది సంవత్సరములలో ఒకదానికి ప్లవంగ యను నామమును కలిగినవి.

ఇన్ని మాటలున్నవని సంతోషించి యూరకుండుటకు వీలులేదు. మాట నిలుచుటకు వస్తువు నిలువవలెను. లేదా దానిని తలచుకొని చెప్పువారైనను నిలువవలెను. జట్కాబండ్లు పోయిన ఊళ్ళలో గుఱ్ఱము చౌకళించుట పిల్లలు చూడరు. ట్రాక్టరులు వచ్చి కోడెలు తగ్గినచోట చెంగనాలు అను మాటకు చోటు తగ్గుచున్నది. చూడనిదానికి పేరు చెప్పువారు లేకున్న, పిల్లవాని నోట చివరకు మిగులునది ‘జంప్ చేసినది’ అను ఒక్క మాటయే. అప్పుడు ఆంగ్లమునందును వానికి తెలిసినది ఒక్క మాటయే, తెలుగునందును ఒక్కటియే. తెలుగున చెంగనాలు ఎఱిగినవానికి గాంబల్ అను మాట ఒక్కమారు చెప్పిన చాలును; ఎఱుగనివానికి పదిమాఱులు చెప్పినను ‘గంతువేయుట’ అనియే వ్రాసికొనును. స్వభాషలో కన్ను తెఱచినవానికే పరభాషలో చూపుండును.

కావున విద్యార్థులు చలనమును తెలుపు మాట ఎదురైనపుడు మూడు ప్రశ్నలు వేసికొనవలెను. ఏ యవయవముతో? ఒంటికాలా, రెండుకాళ్ళా, చేతి ఊతయా? ఏ దిక్కునకు? పైకా, క్రిందికా, అడ్డముమీదుగానా, వరుసగా ముందునకా? ఏ భావముతో? భయమా, సాహసమా, గర్వమా, కేవల సంతోషమా? ఈ మూడింటికి సమాధానము దొరకిన పిమ్మట కుడివైపు వరుసలో వ్రాయవలసిన తెలుగుమాట తానై వచ్చును. రానిచో ఇంటికి పోయి తాతనో, అమ్మమ్మనో, పశులు కాచినవారినో అడుగవలెను. వారు ఆంగ్లము చదువలేదని సంకోచింపవలదు. ఆ సందేహమునకు కావలసిన పాండిత్యము వారియొద్దనే యున్నది.

గ్రంథాలయమువారు చేయదగిన పనియు ఒకటి గలదు. నిఘంటువులున్న బల్లమీద ఒక నోటుపుస్తకము నుంచి, దూడ, మేక, చేప, పిచ్చుక, పసిబిడ్డ మొదలగువాని కదలికలకు ఊరిలో ఏయే మాటలు గలవో చదువరులచేత వ్రాయింపవలెను. ప్రతిమాటకు ఎదురుగా అది చెప్పినవారి వాక్యమును ఉన్నదున్నట్లుగా వ్రాయవలెను. దీనికి ధనము అక్కఱలేదు. బ్రౌను దొరగారు ఏనాడో పండితులను, గ్రంథములను, జనుల నోటిమాటలను ఆశ్రయించి ఇట్టి కృషియే చేసెను. ఆయన పరదేశి. ఊరివారికి ఆ పని మఱింత సులభము.

ఇరువదియైదు సంవత్సరములు ఈ ఊరి పిల్లలకు పుస్తక మందించిన గ్రంథాలయము స్వర్ణోత్సవమునాటికి ఆ నోటుపుస్తకమును నిండించి, నలిగిన పాత నిఘంటువు ప్రక్కన నిలుపుగాక. అది తెఱచిన విద్యార్థికి ఎడమవైపున ఏడు మాటలును, కుడివైపున ఏడు మాటలును కానవచ్చుగాక. స్వస్తి.